మా ఊరికి ఏరు లేదని ధ్రువపత్రం కోరుట గురించి

జిల్లా కలెక్టరు గారి సముఖమునకు,

భోగాపురం దాటి సముద్రం వైపు ఇసకలపేట గ్రామ నివాసి, బాప్టిస్టు సంఘ స్త్రీల సమాజ కార్యదర్శి పి. లీలారాణి, వయస్సు యాభై నాలుగు, నమస్కరించి వ్రాసుకొను అర్జీ.

విషయం: మా గ్రామమునకు ఏరు లేదని ధ్రువపత్రం ఇప్పించుట, సదరు లేని ఏటికి అడ్డమని నా చెల్లెలు షాలిని ఇల్లు తొలగించకుండా ఆపించుట గురించి.

అయ్యా,

ఏరు బాగుచేయించమని, ఏటి మీద వంతెన వేయించమని అర్జీలు తమకు చాలా వచ్చి ఉంటాయి. ఏరు లేదని రాసి ఇమ్మనే అర్జీ కొత్త కావచ్చును. ఓపికతో చివరిదాకా చదవవలెనని ముందుగా మనవి.

1. మా ఊరు సముద్రపు ఒడ్డు. మగవారు వేటకు పోతారు, ఆడవారు చేపలు ఎండబెట్టి అమ్ముతారు. తాగునీరు ట్యాంకరులో వస్తుంది. ఏరు లేదు. వాగులాంటి గెడ్డ కూడా లేదు. షాలిని ఇంటి వెనుక పొడవుగా ఒక గొయ్యి మాత్రం కలదు. ఫోను తీగలు వేయువారు దానిని తవ్వి, తీగలు వేయక, పూడ్చక వెళ్ళిపోయినారు. అందులో కోళ్ళు తిరుగును. వానపడితే నీరు నిలుచును. పారదు.

2. ఊరి పక్కన రొయ్యల కంపెనీ కలదు. రొయ్యలను గడ్డకట్టించి విదేశాలకు పంపుతారు. ఇప్పుడు ఆ దేశాలవారు రొయ్యతో పాటు మంచితనం కూడా కావాలంటున్నారట. పర్యావరణం, సమాజం, పాలన అని మూడు పద్దుల కింద కంపెనీ ఏమేం మేలు చేస్తుందో ఏటేటా రిపోర్టు అచ్చువేయాలట. అచ్చయినది మాట ఇచ్చినట్టే. తప్పితే కేసులట. ఇచ్చిన మాట నిలుపుకోవాలని మా గ్రంథంలోనూ ఉన్నది. దీని మీద నాకు ఆక్షేపణ లేదు.

3. నిరుడు ఎండాకాలంలో ఆ రిపోర్టు కోసమని కంపెనీ తరఫున ఒక అమ్మాయి సర్వేకు వచ్చింది. బెంగుళూరు పిల్ల. మర్యాదస్తురాలు. ఆమెకు తెలుగు రాదు, ఆమె ఫోనుకు వచ్చు. ఆమె ఇంగ్లీషులో అడిగితే ఫోను తెలుగులో పలికేది, మేం చెప్పినది విని ఇంగ్లీషు చేసేది. కాని దానికి వచ్చినది పుస్తకాల తెలుగు. మా ప్రాంతంలో ‘ఏమిటి’ అనడానికి ‘ఏటి’ అంటామని దానికి ఎవరూ నేర్పలేదు. ఏటి అంటే ఏరుకు సంబంధించినదని మాత్రమే దానికి తెలుసును.

మీ ఊరి ముఖ్య సమస్య చెప్పండి అని ఫోను అడిగింది.

“ఏటి సమస్య?” అంది షాలిని.

కాలుష్యం వల్ల ఇబ్బంది పడుతున్నారా అని అడిగింది.

“ఏటి కాలుష్యం?” అంది పక్కింటి జగ్గమ్మ.

కంపెనీ మీ కోసం దేనిని కాపాడాలని కోరుకుంటున్నారు అని అడిగింది. మా తమ్ముడు బెన్హర్ అప్పుడే వేట నుంచి వచ్చి వల దులుపుకుంటున్నాడు.

“ఏటి కాపాడతారు మీరు?” అన్నాడు.

ఊరంతా ఇదే జవాబు. మమ్మల్ని ఎవరు ఏమడిగినా ముందు ఏటి అనే అంటాం. అది అలవాటు, చెవుడు కాదు. ఆ పిల్ల మాత్రం కళ్ళనీళ్ళు పెట్టుకుంది. చిన్నా పెద్దా అందరూ ఒకే సంగతి చెప్పే ఊరిని తాను ఇంతవరకు చూడలేదని ఫోను ద్వారా నాకు తెలియజేసింది. మంచి మాటే కదా అని నేను థాంక్స్ చెప్పాను.

4. తరువాత రిపోర్టు అచ్చయింది. కాలుష్యం వల్ల కనుమరుగవుతున్న మా ఏటిని కంపెనీ బతికిస్తుందని, ఇరువైపులా గట్లు కట్టి చెట్లు నాటుతుందని అందులో మాట ఇచ్చారు. పటం కూడా వేశారు. నీలం రంగు గీత షాలిని ఇంటి వెనుక గోతి మీదుగా వచ్చి, అక్కడ కొంచెం లావై, వంటగది దాటి, చేపలు ఎండబెట్టే గచ్చు మీదుగా సముద్రంలో కలుస్తుంది. సదరు ఏటి పేరు ‘ఏటి నది’ అని ఉన్నది.

అయ్యా, అది పేరు కాదు. మా ప్రశ్న.

5. తప్పు దొర్లింది, దిద్దుకోండి అని చెప్పడానికి నేను కంపెనీకి వెళ్ళాను. లా ఆఫీసరు నరసింగరావు గారు కూర్చోబెట్టి మాట్లాడారు. ఆయన చెడ్డవారు కాదు. రాజాం వైపు మనిషి. బి.పి. ఉన్నది. నేను సంగతి చెప్పగానే ఆయనకు అర్థమైపోయింది. మీ అమ్మగారు కూడా ఏటి అంటారా బాబూ అని అడిగాను. ఆ మాట లేకుండా మా ఇంట్లో పొద్దు గడవదమ్మా అని చాలాసేపు నవ్వారు. తరువాత నవ్వు ఆపి, తలుపు వేసి వచ్చారు.

ఒక్క మాట తప్పని ఒప్పుకుంటే సర్వే మొత్తం తప్పవుతుందట. సర్వే తప్పయితే రిపోర్టు తప్పు. రిపోర్టు చూసి రొయ్యలు కొన్నవారు, రిపోర్టు చూసి అప్పిచ్చిన బ్యాంకు, అందరూ మోసపోయినట్టు. అప్పుడు లాయరు నోటీసులు ఓడలో వస్తాయట.

“అచ్చులో ఉన్న ఏటిని తీసేస్తే కంపెనీ అబద్ధం ఆడినట్టమ్మా. అదే నేల మీద ఏటిని పెట్టేస్తే మాట నిలబెట్టుకున్నట్టు” అన్నారు.

ఏటిని పెట్టడం దేవుని పని కదా బాబూ అన్నాను.

“దేవుడి మీద ఎవరూ కేసు వెయ్యరు కదమ్మా” అన్నారు. బాధగానే అన్నారు.

6. ఆయన బల్ల మీద ఒక పట్టిక ఉన్నది. కంపెనీకి ఎటునుంచి ఎంత కేసు భయమో అందులో రంగులు వేసి ఉన్నాయి. ఎరుపు అంటే పెద్ద ప్రమాదం, పసుపు అంటే జాగ్రత్త, పచ్చ అంటే భయం లేదు. ఏటిని వెనక్కి తీసుకొనుట ఎరుపు. ఏటిని తవ్వుట పసుపు. షాలిని ఇల్లు ఎక్కడ ఉంది బాబూ అని అడిగితే వేలితో చూపారు. పచ్చ.

పచ్చ అంటే షాలినికి ప్రమాదం లేదని నేను సంతోషించాను. ఆమె కేసు వేయగల మనిషి కాదు గనుక కంపెనీకి ప్రమాదం లేదని దాని అర్థమట. ఇంటికి వచ్చేదాకా నాకు అది సరిగా తలకెక్కలేదు.

7. షాలిని భర్త కృపానిధి గుజరాత్ రాష్ట్రం వేరావల్‌లో బోట్ల మీద పని చేయుచున్నాడు. ఆ ఇంటి స్లాబు ఆ పని డబ్బుతోనే వేసుకున్నారు. ఇల్లు ఏటిలో ఎల్లిపోతాదంటన్నారని షాలిని ఫోనులో చెప్పింది. అతడు “ఏటి?” అన్నాడు. “ఏటే” అంది. సిగ్నలు లేదనుకొని అతడు ఫోను పెట్టేశాడు. మళ్ళీ చేస్తే మళ్ళీ ఇదే జరిగింది. ఆఖరికి నేను తీసుకొని గ్రాంథికంలో చెప్పవలసి వచ్చింది.

8. ఏరు తయారగుచున్న విధము తమకు విన్నవించుకొనుచున్నాను. కంపెనీకి పెద్దవారు వచ్చే రోజున పొద్దున్నే ట్యాంకర్లు వచ్చి గోతిలో నీరు పోస్తాయి. మంచి నీరు. మేం ఊరి కుళాయి దగ్గర ఎదురుచూసే నీటికంటే తేట. మొదటిసారి పోసిన రోజున జగ్గమ్మ బిందె పట్టుకొని పోయింది, వెనకాల ఊరి ఆడవాళ్ళంతా వెళ్ళారు. నదీజలాలు తోడరాదని కాపలా అతను అడ్డుకున్నాడు.

“ఒరే బాబూ, నానేమైనా ఏటిని ఎత్తుకుపోతన్నానేటి? ట్యాంకరు నీళ్ళు ట్యాంకరు నీళ్ళలాగే పట్టుకుంటన్నాను” అంది జగ్గమ్మ.

ఇంతలో పెద్దవారి కారు వచ్చింది. వారు దిగి, బిందెలతో వరస కట్టిన ఆడవాళ్ళను చూసి ముచ్చటపడి ఫోటోలు తీసుకున్నారు. ఏటి మీద ఆధారపడిన మహిళలు అని ఆ ఫోటో కంపెనీ గేటు దగ్గర పెట్టారు. జగ్గమ్మ ముందున్నాది. ఫోటో బాగున్నాదని ఆమె రోజూ చూసి వస్తాది. ఆమెను తప్పుపట్టను. ఆ రోజు ఫోటో పుణ్యమా అని ఊరందరికీ నీళ్ళు దొరికాయి.

మా తమ్ముడు బెన్హర్‌ను ‘నదీ మిత్ర’గా వేశారు. టోపీ, ఈత రాకపోయినా మునగకుండా ఆపే నారింజ రంగు చొక్కా ఇచ్చారు. అది తొడుక్కొని మోకాటి లోతు గోతి పక్కన నిలబడాలి. పదిహేనో ఏట నుంచి సముద్రం మీద వేటకు పోతున్న మనిషి. సముద్రంలో ఒక్కనాడూ అటువంటి చొక్కా ఎవరూ ఇవ్వలేదప్పా అన్నాడు అక్కనైన నాతో. రెండో రోజున దానిని పడవలోకి తీసుకుపోతే, కంపెనీ వారు వచ్చి, అది ఏటి కోసం మాత్రమేనని తిరిగి తెప్పించుకున్నారు.

9. ఏరు లేదని చెప్పుకొనుటకు మేం చేసిన ప్రయత్నములు.

నీళ్ళ వ్యవహారాలు చూసే ఒక కార్యాలయంలో అడిగాను. ఎవరి తప్పూ కాదు గనుక పేరు రాయను. సదరు నది మా పట్టీలో లేదు, కావున దాని విషయమై మాకు అభ్యంతరం లేదు అని రాసి ఇచ్చారు. ఏరు లేదనడానికి సాక్ష్యం దొరికిందని నేను దానిని కంపెనీకి తీసుకుపోయి చూపాను. వారు కాపీ తీసుకొని అద్దం కట్టించి పెట్టుకున్నారు. అభ్యంతరం లేదని రాసి ఉన్నది కదా, అదే తమకు కావలసిన కాగితం అన్నారు.

కంపెనీ గోడకు నీలం రంగు ఫిర్యాదుల పెట్టె కలదు. షాలిని అందులో ‘ఏరు లేదు, నా ఇల్లు ఉన్నాది’ అని రాసి వేసింది. ఏటి నదిపై తమరి ఫిర్యాదు అందినది, నది పట్ల తమరి శ్రద్ధకు కృతజ్ఞతలు అని ఫోనుకు మెసేజి వచ్చింది. ఫిర్యాదు వచ్చిందంటే ఏరు ఉన్నట్టేనట. పది మంది చేత వేయించుదామని బెన్హర్ అన్నాడు. నేను వద్దన్నాను. పది మంది వేస్తే పెద్ద నది అవుతుంది.

‘ఏటి నది పరిరక్షణ సంఘం’ అని ఒకటి ఏర్పడియున్నది. ఏరు లేదని అనాలంటే ఆ సంఘం తీర్మానం చేయాలట. దాని అధ్యక్షురాలు ఎవరని అడిగాను. నేనే. స్త్రీలకు పెద్ద ఎవరని సర్వేలో అడిగినప్పుడు అందరూ నా పేరు చెప్పారట. రాజీనామా ఇస్తానన్నాను. అది సంఘ సమావేశంలో, ఏటి ఒడ్డున, కోరం ఉండగా ఇవ్వాలన్నారు.

10. ఇక అసలు సంగతి. గట్టు రావాలంటే షాలిని ఇల్లు పోవాలి. పర్యావరణం పద్దు కింద ఇచ్చిన మాట అది. కాని అదే రిపోర్టులో సమాజం పద్దు కింద ఇంకొక మాట ఉన్నది. ఏ ఒక్క కుటుంబాన్నీ కదిలించబోమని. ఇల్లు ఉంటే ఒక కేసు. కుటుంబం పోతే ఇంకొక కేసు. నరసింగరావు గారు పాపం నిద్రలేక, దారి వెతికి, కిందటి ఆదివారం ఆరాధన అయిన తరువాత షాలిని ఇంటికి కాగితం పట్టుకొని వచ్చారు. షాలిని టీ ఇచ్చింది. నేను చదివి వినిపించాను.

“ఇల్లు మాత్రమే తొలగించబడును. కుటుంబము యథాస్థానమునందే కొనసాగును.”

మళ్ళీ చదవమంది షాలిని. మళ్ళీ చదివాను.

“అంటే ఇల్లు ఎల్లిపోతాది, మేం ఇక్కడే నీళ్ళలో ఉండాలేటి బాబూ? రొయ్యలమేటి మేం?” అంది.

నరసింగరావు గారు టీ గ్లాసు కింద పెట్టారు. “పెద్దవాళ్ళు వచ్చిన రోజునే నీళ్ళుంటాయమ్మా. మిగతా రోజులన్నీ పొడిగానే ఉంటాది” అన్నారు.

ఓదార్పుగానే అన్నారు అయ్యా. ఆయన గొంతులో ఎగతాళి లేదు. ఆయన మంచివారు గనుకనే నాకు భయం వేసింది. ఆయన చెప్పిన దానికి షాలిని ఒక్క నిమిషం తల ఊపింది కూడా. తరువాత నా మొహం చూసింది. నేను కాగితం మడిచి ఆయన జేబులో పెట్టాను. షాలిని సంతకం పెట్టలేదు.

11. వచ్చే వారం విదేశం నుంచి ఆడిటర్లు ఏరు చూచుటకు వచ్చుచున్నారు. ఈలోగా గట్టు కనపడాలని, సంతకం ఉన్నా లేకున్నా పని మొదలు పెడతామని కబురు పంపినారు. వంటగదిలో పొయ్యికి ఇవతల ఒక సర్వే రాయి పాతి వెళ్ళినారు. షాలిని దాని మీద ఉప్పు డబ్బా పెట్టుకుంటున్నది.

12. నేను ఈ కంపెనీ పాడైపోవాలని కోరుకొనుట లేదు. మా ఊరి పిల్లలు అందులో రొయ్యలు ఒలుస్తున్నారు. రోజూ ప్రార్థనలో కంపెనీ పేరు, నరసింగరావు గారి బి.పి., ఆ బెంగుళూరు పిల్ల క్షేమం, అన్నీ చెప్పుకుంటున్నాను. ఆ పిల్ల ఫోను కోసం కూడా చెప్పుకున్నాను. అయితే ఒక్క సంగతి తమకు చెప్పాలి. వాన కోసం ప్రార్థించడం మా సంఘంలో పాత అలవాటు. ఈ ఏడు మొదటిసారి, నేను లేచి, వాన వద్దని ప్రార్థించాను. వానపడి ఆ గోతిలో నీరు కదిలితే ఇక దేవుడే ఏటికి సాక్ష్యం చెప్పినట్టు అవుతుందని. ఎవరూ ఆమెన్ అనలేదు. వాన వద్దని అడగడం వాళ్ళకు చేతకాలేదు. నాకూ బాగులేదు.

కాబట్టి తమను కోరేదేమనగా:

మా గ్రామమునకు ఏరు గాని, నది గాని, గెడ్డ గాని లేదని తమ ముద్రతో ఒక కాగితం ఇప్పించవలెను. ఆ కాగితంలో ‘ఏటి’ అనే మాట ఎక్కడా రాకుండా చూడవలెను. వస్తే దానికీ అద్దం కట్టిస్తారు.

లేనిదాన్ని లేదని రాయడానికి తమ దగ్గర ఫారం ఉండకపోవచ్చును. అటువంటప్పుడు ఏరు సంగతి వదిలేయండి. షాలిని ఇల్లు ఉన్నదని రాసి ఇవ్వండి. వాళ్ళ పటంలో ఆ ఇల్లు లేదు. గోడలున్నాయి, స్లాబున్నాది, వెనక గచ్చు మీద ఇప్పుడు కూడా చేపలు ఎండుతున్నాయి. పొయ్యి మీద ఎసరున్నాది. తమరు వచ్చి చూసి రాయవచ్చును. దానికి సర్వే అక్కరలేదు, రిపోర్టు అక్కరలేదు. గుమ్మంలో నిలబడితే కనిపిస్తాది.

నరసింగరావు గారిని శిక్షించమని కోరుట లేదు. రిపోర్టులో ఉన్న తప్పును తప్పని ఒప్పుకొన్నంత మాత్రాన ఎవరూ కేసు పెట్టకుండా ఆయన కంపెనీకి ఏదైనా దారి ఉంటే అది కూడా తమరే చెప్పించండి. ఆయనకు ఆ ఒక్క దారి దొరక్క ఏరు తవ్వుతున్నారు.

పై విషయములన్నియు నా ఎరుకలో నిజమని మనవి. దయతో చిత్తగించి, ఆడిటర్లకంటె ముందుగా తమరు ఒక్కసారి రావలెను.

ఇట్లు
తమ విధేయురాలు,
పి. లీలారాణి
(షాలిని, బెన్హర్‌ల అప్ప)
ఇసకలపేట

ఇంకొక మాట: ఈ అర్జీ నా చేత్తోనే తమకు ఇద్దామని చీర మార్చుకొని బస్సుకు బయలుదేరాను. ఇంతలో షాలిని ఫోను చేసింది. గోతి అవతల పొక్లెయిన్ దించుతున్నారట. ఏం చేస్తన్నావే అని అడిగాను. “అన్నం ఒండతన్నానప్పా. నువ్వొస్తావా, బియ్యం ఇంకొంచెం పోసీమంటావా?” అంది. పోసీమన్నాను.

అందుచేత అర్జీ మా తమ్ముడు తెస్తున్నాడు. వాడు మాట్లాడటం తక్కువ, తమరు ఏం అడిగినా ముందు ఏటి అంటాడు. దయచేసి ఎవరూ రాసుకోవద్దు.

నేను షాలిని ఇంటికి వెళ్తున్నాను బాబూ. వంటగదిలో, రాయికి అవతల, ఇద్దరం కూర్చుంటాం. నరసింగరావు గారు వస్తే ఆయనకూ కంచం పెడతాం. మిషను ఆపమని అరవడం మాకు రాదు. లేచి పోవడం కూడా ఈ రోజు కుదరదు, అన్నం ఉడకాలి. వాళ్ళ లెక్కన మేం నది మధ్యలో ఉంటాం. తమరు కారు దిగి నేరుగా నడిచి రండి. చెప్పులు తడవవు.